కొండవాలులో సాల చెట్టు పెంచడం ఎలా: గింజ ఏరడం మొదలు అయిదో ఏడు దాకా

అరకు, అనంతగిరి దారిలో పైన్ తోటలు చూసొచ్చి, అలాంటి చెట్టు మన కొండ మీద కూడా పెంచుదామనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పైన్ చెట్లు ఎవరో తెచ్చి నాటినవి. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే పైన్ ఒక్కటి కూడా లేదు. చిర్ పైన్ హిమాలయాల దిగువ వాలులది, ఖాసీ పైన్ మేఘాలయ వైపుది. సన్నటి ఆకులు చూసి చాలామంది పైన్ అనుకునే సరుగుడు కూడా మన తీరానికి తెచ్చి నాటిందే. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో నిటారుగా ఎదిగి, బంక కార్చి, అడవికి అడవినే నిలబెట్టే చెట్టు కావాలంటే అది సాల. గుగ్గిలం చెట్టు అన్నా ఇదే. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా దిగివచ్చే సాల అడవులకు దక్షిణపు చివర ఉత్తరాంధ్ర కొండల చుట్టుపక్కలే. అంటే మన దగ్గరున్నవి ఆ జాతిలో అంచున నిలిచిన చెట్లు, మన ఎండకీ మన నేలకీ తట్టుకుని మిగిలినవి. వీటి గింజతోనే వీటిని పెంచాలి. ఎక్కడో ఉత్తరాది నర్సరీ నుంచి తెప్పించిన మొక్క ఆ పని చేయదు.

ఇది తొందరపడేవాళ్ల చెట్టు కాదు. నీలగిరి నాలుగైదేళ్లలో చేతికొస్తుంది, జీడి మూడో నాలుగో ఏటికి కాపుకొస్తుంది. సాల అప్పటికి నడుం ఎత్తు కూడా రాకపోవచ్చు. గెడ్డ (కొండవాగు) పుట్టే చోట, పోడు వదిలేసిన వాలు మీద, మెట్టకీ అడవికీ నడుమ ఉన్న బీడు మీద పెట్టే చెట్టు ఇది. వరిమడి గట్టు మీద పెట్టేది కాదు.

ముందు నేల చూసుకోండి

సాలకు కావలసింది లోతైన, నీరు దిగిపోయే, కాస్త పులుపు స్వభావం ఉన్న ఎర్రనేల. కొండరాయి చివికి ఏర్పడిన ఎర్రమట్టి, రాళ్లు కలిసిన ఇసుక గరప దీనికి బాగా నచ్చుతాయి. నల్లరేగడి, చౌడు, ఉద్దానం వైపు తీరపు ఇసుక, వానాకాలం నీరు నిలిచే పల్లం పనికిరావు. వేరుకి గాలి అందకపోతే సాల మొక్క బతకదు.

అనుమానం ఉంటే మే నెలలో మూరెడు లోతు, మూరెడు వెడల్పు గొయ్యి తీసి అంచు దాకా నీళ్లు నింపండి. మొదటిసారి ఇంకిపోయాక మళ్లీ నింపండి. మర్నాడు పొద్దున్నకి అడుగున నీళ్లు కనిపిస్తే ఆ చోటు వదిలేయండి. గునపం రెండడుగుల లోపే చట్టురాయికి తగిలినా అంతే. సాల తల్లివేరు లోతుకి దిగే వేరు. దాన్ని మధ్యలో రాయి ఆపేస్తే చెట్టు పొట్టిగా, వంకరగా మిగిలిపోతుంది.

వాలు ఎంతున్నా ఫరవాలేదు గానీ, పడమటి ఎండ నేరుగా కొట్టే బోడివాలు కంటే తూర్పు, ఉత్తరం వైపు వాలు మీద మొదటి వేసవి గట్టెక్కడం సులువు. దగ్గర్లో ఇప్పటికే సాల చెట్లు ఉంటే అంతకన్నా మంచి గుర్తు లేదు.

సాల అని ఇంకోటి కొనకండి

పట్టణం నర్సరీల్లో సాల వృక్షం అని అడిగితే చాలాసార్లు నాగమల్లి ఇస్తారు. కాండం మీదే పెద్దపెద్ద గులాబీరంగు పువ్వులు, ఫిరంగి గుండ్లంత కాయలు కాస్తుంది, గుళ్ల దగ్గర పెంచుతారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెట్టు, సాలతో చుట్టరికమే లేదు. బుద్ధుడు కుశీనగరంలో పరినిర్వాణం చెందింది సాల చెట్ల నడుమ అని చెబుతారు కాబట్టి, బౌద్ధ క్షేత్రాల దగ్గర నాటాలనుకునేవాళ్లు ఈ పొరపాటులో ఎక్కువగా పడుతుంటారు.

అసలు సాల ఆకు జానెడు పొడవు, దళసరి, నున్నటి మెరుపు. మొదలు గుండ్రంగా, కొస సూదిగా ఉంటుంది. లేత చిగురు రాగిరంగులో వస్తుంది. ముదురు చెట్టు బెరడు నిలువుగా లోతుగా పగిలి ఉంటుంది. కాయకి అయిదు రెక్కలు. మూడు పెద్దవి, రెండు చిన్నవి. రెక్కలు చూశాక ఇంక తడబడే పని లేదు.

గింజ: చేతిలో ఉన్నది వారం రోజులే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కంది, పెసర గింజల్లా సాల గింజను ఎండబెట్టి దాచుకోవడం కుదరదు. చెట్టు నుంచి రాలిన రోజు నుంచే దాని తడి తగ్గుతుంది, తడి తగ్గిన కొద్దీ లోపలి మొలక చస్తుంది. వారం, మహా అయితే పది రోజులు దాటితే విత్తినా మొలవదు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా పోతుంది, చలికి తట్టుకోదు. అందుకే కొరియర్‌లో తెప్పించుకున్న సాల గింజలు దాదాపు ఎప్పుడూ వృథాయే.

చెట్టు పూసేది మార్చి, ఏప్రిల్‌లలో. గింజ రాలేది మే చివర నుంచి జూన్ దాకా, రోహిణి కార్తె ఎండల్లో మొదలై మృగశిర వానల్లోకి. రుతుపవనం తాకే వేళకి గింజ నేల మీద ఉండేలా ఈ చెట్టు కాలం కుదుర్చుకుంది. వాన ముందే పడితే కొన్ని గింజలు చెట్టు మీదే మొలకెత్తుతాయి. ప్రతి ఏడూ ఒకేలా కాయదు. రెండు మూడేళ్లకోసారి విరగకాస్తుంది, నడుమ ఏళ్లలో పలచగా ఉంటుంది. ఏప్రిల్‌లో పూత పలచగా కనిపిస్తే ఆ ఏడు నేల సిద్ధం చేసుకుని వచ్చే ఏటికి ఆగడం మేలు. పలచటి కాపులో పురుగు పట్టిన గింజల పాలు ఎక్కువ.

ఏరే పద్ధతి ఇది. మంచి కాండంతో, నిటారుగా, జబ్బు లేకుండా ఉన్న చెట్లు కనీసం పది ఎంచుకోండి. ఒకే చెట్టు గింజతో తోట వేస్తే రేపు ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి లొంగుతాయి. మొదట రాలిన వాటిని వదిలేయండి. అవి సగం పండినవో, పురుగు తిన్నవో అయి ఉంటాయి. చెట్టు కింద ఊడ్చి పాత రాలుడు పక్కకి తోసేసి, దుప్పటో టార్పాలినో పరవండి. మర్నాటి పొద్దున్నకి రాలినవే తీసుకోండి. రెక్కలు గోధుమరంగుకి తిరిగి, గింజ మీద ఇంకా పచ్చదనం ఛాయ ఉన్నప్పుడు అది సరైన దశ.

రెక్కలు చేత్తో తుంచేసి గింజల్ని బకెట్ నీళ్లలో వేయండి. తేలినవి పారేయండి. మునిగిన వాటిలోంచి ఓ పాతిక తీసి బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. లోపల తడిగా, గట్టిగా, పచ్చగా నిండుగా ఉంటే మంచిది. గోధుమరంగు తిరిగి ముడుచుకుపోయినా, పొడిలాంటి పురుగు మలం కనిపించినా చచ్చినదే. పాతికలో పది అలా ఉంటే ఆ కుప్ప మీద ఆశ పెట్టుకోకండి, వేరే చెట్టు కింద ఏరండి.

మోసుకెళ్లడానికి తడిపి పిండిన గోనెసంచి వాడండి. ప్లాస్టిక్ సంచిలో మూతి కడితే లోపల వేడెక్కి ఉడికిపోతాయి. ఇంటికి తెచ్చాక నీడలో, నాలుగు వేళ్ల మందానికి మించకుండా పరిచి, పైన తడి గోనె కప్పి, ఏరిన రెండు మూడు రోజుల్లో విత్తేయండి. రిజర్వు అడవిలో ఏరాలంటే గిరిజనులకు, తరతరాలుగా అడవి మీద ఆధారపడి బతుకుతున్న ఇతరులకు 2006 అటవీ హక్కుల చట్టం కింద చిన్న తరహా అటవీ ఉత్పత్తులు సేకరించుకునే హక్కు ఉంది. మిగతావాళ్లు ఫారెస్టు రేంజి ఆఫీసులో ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. జూన్‌లో అడిగితే పని అయ్యేసరికి గింజ పోతుంది, ఏప్రిల్‌లోనే అడగండి.

వేరుకి తోడు ఉండే శిలీంధ్రం

సాల ఒంటరిగా బతకదు. దాని పిల్లవేర్ల చివర ఒక రకం శిలీంధ్రం తొడుగులా అల్లుకుని, మట్టిలోంచి భాస్వరం, నీరు లాగి ఇస్తుంది. బదులుగా చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. వానల్లో సాల అడవి నేల మీద పుట్టుకొచ్చే పుట్టగొడుగుల్లో చాలా భాగం దీనివే. పైన్‌కీ ఇదే అలవాటు ఉంది. ఎన్నో ఏళ్లు పోడు చేసిన నేలలో, నీలగిరి తీసేసిన నేలలో ఈ శిలీంధ్రం ఉండకపోవచ్చు. అలాంటి చోట మొక్క మొలుస్తుంది, నాలుగు ఆకులు వేస్తుంది, తర్వాత పసుపుబారి కదలకుండా ఉండిపోతుంది. యూరియా వేసినా మారదు.

మందు ఒకటే. బతికున్న సాల చెట్ల కింద ఆకులు పక్కకి తీసి, పై నాలుగు అంగుళాల మట్టిని సన్న వేళ్లతో సహా తీసుకోండి. ఒకే చెట్టు కింద గొయ్యి పెట్టకుండా పది చెట్ల కింద తలా కాస్త తీసి, ఆకులు మళ్లీ కప్పేయండి. ఈ మట్టి ఎండకూడదు, తెచ్చిన రోజో మర్నాడో వాడేయాలి. దీంతోపాటు డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వేయకండి. భాస్వరం ఉచితంగా దొరికితే వేరు ఆ శిలీంధ్రాన్ని దగ్గరకి రానివ్వదు. శిలీంధ్ర నాశనులు మట్టిలో పోయడం కూడా మానండి.

నేరుగా విత్తడం

సొంత నేల ఉండి, పశువుల్ని ఆపగలిగితే నేరుగా విత్తడమే మా మొదటి మాట. సంచిలో పెరిగిన మొక్క ఎంత ఏపుగా ఉన్నా దాని తల్లివేరు అడుగు దగ్గర మడతపడే ఉంటుంది. నేలలో పుట్టినది నేరుగా కిందికి దిగిపోతుంది. మొదటి వేసవిలో ఈ తేడా మొక్క ప్రాణం మీదే తేలుతుంది.

మే నెలలో, వాలుకి అడ్డంగా, మూడు మీటర్ల ఎడంతో సాళ్లు గుర్తించండి. ఒక్కో సాలు మీటరు వెడల్పున, అడుగు లోతున గునపంతో, పారతో గుల్ల చేయండి. గడ్డి దుబ్బులు వేళ్లతో తీసేయాలి. సాళ్ల మధ్య నేలను కదపకండి, అక్కడి గడ్డీ పొదలే వానలో మట్టి కొట్టుకుపోకుండా పట్టుకుంటాయి.

ఎకరానికి ఇలా సుమారు 1,350 మీటర్ల సాలు వస్తుంది. మీటరుకో చోటు, చోటుకి మూడు గింజలు చొప్పున 4,050 గింజలు కావాలి. తేలిపోయేవి, కోతలో చెడ్డవని తేలేవి కలుపుకుని ఆరు వేలు ఏరుకోండి. అడవి మట్టి ఒక 20 లీటర్ల బకెట్టుకి బాగా చివికిన ఆకు ఎరువు ఆరు బకెట్లు కలిపితే ఎకరానికి, చోటుకి పిడికెడు చొప్పున సరిపోతుంది.

వాన పడి నేల జానెడు లోతు తడిసాకే విత్తండి. తొలి జల్లుకే విత్తితే ఆ తర్వాత వారం ఎండ కాసినప్పుడు మొలకలు మాడిపోతాయి. రెక్కలు తుంచిన మచ్చ పైకి, మొనదేరిన కొస కిందికి ఉండేలా పెట్టండి. వేరు ఆ కొస నుంచే వస్తుంది. ఎటో తెలియకపోతే అడ్డంగా పడుకోబెట్టండి, తలకిందులుగా మాత్రం వద్దు. వేరు పైకి వచ్చి వంగి దిగితే ఆ మెలిక జీవితాంతం ఉండిపోతుంది. పైన వేలి మందం మెత్తటి మట్టి చాలు. లోతుగా పెడితే కుళ్లుతుంది. తాజా గింజ వారంలోపే మొలకెత్తడం మొదలుపెడుతుంది.

సాలుకి పడమటి పక్కన మూరెడు ఎడంగా కంది ఒక వరస వేయండి. మొదటి ఆరునెలలు మధ్యాహ్నం ఎండని కంది ఆపుతుంది. పంట కోసుకున్నాక కట్టె పీకకుండా వేసవి దాటేదాకా ఉంచండి. ఖాళీ నేల చూస్తూ ఉండలేనివాళ్లు గుల్ల చేసిన సాళ్లలోనే, మొక్కల మధ్య మొదటి రెండేళ్లు అక్కడక్కడా చోడి, సామ వేసుకోవచ్చు. దాంతో కలుపు తీత కూడా సాగుతుంది.

సంచుల్లో పెంచాల్సి వస్తే

గింజ దొరికే చోటికీ నాటే చోటికీ దూరం ఎక్కువైనా, బడికో ఊరి చెరువు పైవాలుకో కొద్ది మొక్కలే కావాలన్నా సంచులు తప్పవు. సంచి లోతుగా ఉండాలి: 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు. మామూలుగా నర్సరీల్లో దొరికే చిన్న సంచిలో సాల వేరు రెండు నెలలకే అడుగు చుట్టేస్తుంది. వంద సంచులకి సుమారు 200 లీటర్ల మట్టి పడుతుంది. 20 లీటర్ల బకెట్టుతో కొలిస్తే ఎర్రమట్టి అయిదు, గెడ్డ ఇసుక రెండు, చివికిన ఆకు ఎరువు రెండు, సాల చెట్టు కింది మట్టి ఒకటి. పశువుల ఎరువు పచ్చిగా కలిపితే వేరు కాలుతుంది, చెదలు కూడా చేరుతాయి.

సంచికి రెండు గింజలు పెట్టి, రెండూ వస్తే బలహీనమైన దాన్ని కత్తిరించండి, పీకకండి. వేరు తెల్లగా బయటికి వచ్చిన గింజల్ని కూడా పెట్టవచ్చు గానీ, వేలిగోరు పొడవు దాటినవి చేతిలోనే విరుగుతాయి. తాటాకు పందిరి గానీ, సగం ఎండ ఆపే షేడ్‌నెట్ గానీ మొదటి రెండు నెలలు చాలు. తర్వాత మెల్లగా ఎండకి అలవాటు చేయండి. నీడలోనే ఉంచేస్తే సన్నగా సాగి, నాటిన నెలకే వాలిపోతుంది. నీళ్లు రోజుకొకసారి పొద్దున్నే. సంచులు నేల మీద కాకుండా ఇటుకలో, వెదురు తడికో వేసి ఎత్తు మీద ఉంచితే అడుగు దాటిన వేరు గాలికి తనంతట తానే ఆగిపోతుంది. నేల మీద ఉన్నవైతే మూడు వారాలకోసారి జరపాలి.

ఆ ఏడు ఆగస్టులోనే, మొక్కకి నాలుగైదు ఆకులు రాగానే నాటేయడం ఒక దారి. వచ్చే జూలై దాకా ఉంచి నాటడం ఇంకోటి. నీళ్లు పోసే మనిషి ఉంటే రెండోది, లేకపోతే మొదటిది. సంచిని బ్లేడుతో రెండు పక్కలా కోసి, మట్టిగడ్డ చెదరకుండా దింపాలి. మట్టిగడ్డ విరిగిందా, ఆ మొక్క మీద నమ్మకం వదులుకోవచ్చు. గొయ్యి మూరెడు ఘనం. వాలు కింది వైపు మీటరు వెడల్పున అర్ధచంద్రాకారపు గట్టు వేస్తే ప్రతి వానా మొక్క దగ్గర ఆగుతుంది.

మొదటి రెండేళ్లు

కలుపు ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి, పండగ ముందు డిసెంబరులో ఇంకోసారి. మొక్క చుట్టూ రెండడుగుల మేర మాత్రమే బొరిగతో పైపైన తీయండి, లోతుగా తవ్వితే పైనున్న పిల్లవేర్లు తెగుతాయి. లంటానా ఉంటే వేళ్లతో సహా పీకేయాలి, కోసి వదిలేస్తే ఆరునెలల్లో కమ్మేస్తుంది.

నీళ్లు మోసుకెళ్లగల చోటైతే మార్చి నుంచి మే దాకా పది రోజులకోసారి మొక్కకి అయిదు లీటర్లు. రోజూ చెంబెడు పోసే కంటే ఇదే మేలు, తడి లోతుకి దిగితేనే వేరు కూడా దిగుతుంది. చెదలు పట్టే నేలలో నాటేటప్పుడే గొయ్యికి పావుకిలో వేపపిండి కలపండి.

మేకలకి సాల ఆకు అంత ఇష్టం కాదు. అయినా వేసవిలో ఇంకేం పచ్చగా లేనప్పుడు కొసలు తుంపేస్తాయి, పశువుల కాళ్ల కింద పడేవి ఇంకా ఎక్కువ. చుట్టూ ముళ్లకంప వేయండి. ఊరి బీడు అయితే మొక్క పెట్టక ముందే మేపే దారి వేరే ఎటు అని ఊళ్లో కూర్చుని తేల్చుకోవాలి. ఆ మాట జరక్కుండా వేసిన కంచె ఒక వేసవి కూడా నిలవదు.

పై మొక్క ఎండిపోతే పీకేయకండి

సాల పెంచేవాళ్లు గుండె జారిపోయేది మొదటి ఫిబ్రవరిలో. వానాకాలమంతా పచ్చగా ఉన్న మొక్క కొస నుంచి ఎండుతూ వచ్చి, మార్చికి పుల్లలా నిలబడుతుంది. చచ్చిందనుకుని పీకి, ఆ గోతిలో జీడి మొక్క పెట్టేస్తారు. అడవిలో కూడా సాల పిల్లలు ఇలాగే ఏటేటా పైన ఎండి, వానకి మళ్లీ మొదలు నుంచి చిగురిస్తాయి. కొన్ని ఏళ్ల తరబడి ఇలా గడుస్తుంది. ఆ కాలమంతా కింద వేరు ముల్లంగిలా లావెక్కుతూ నిల్వ కూడబెట్టుకుంటుంది. తగినంత కూడాక ఒక ఏడు వచ్చిన చిగురు ఇక ఎండదు, నిటారుగా లేస్తుంది.

చచ్చిందో బతికుందో తేల్చుకోవడానికి మొదలు దగ్గర, నేలకి అంగుళం లోపు, మట్టి కాస్త తోసి గోటితో బెరడు గీరండి. కింద పచ్చటి తడి పొర ఉంటే బతికున్నట్టే. పైన బెరడు పొడిగా, గోధుమరంగుగా ఉన్నా సరే, మట్టిలోకి దిగే చోట పచ్చగా ఉండటం మామూలే. అక్కడ కూడా పొడిగా ఉండి, బెరడు పొట్టులా ఊడొస్తే అప్పుడు పోయినట్టు.

బతికున్న వాటికి తొలకరికి పది రోజుల ముందు, పచ్చదనం మొదలయ్యే చోటికి వేలెడు పైన, పదును కత్తెరతో ఏటవాలుగా కోయండి. వానకి రెండు మూడు చిగుళ్లు వస్తాయి. వెంటనే ఏరకండి, ఒకటి ఎండకో పురుగుకో పోవచ్చు. సెప్టెంబరులో బలమైన ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయండి.

ఎండటాన్ని పూర్తిగా ఆపలేం గానీ తగ్గించవచ్చు. కలుపు తీయని చోట, నీరు నిలిచే చోట, బాగా నీడలో ఉన్న చోట, నిప్పు పాకిన చోట ఇది ఎక్కువ. కలుపు తీసి, గుల్ల చేసి, ఎండ తగిలే సాళ్లలో తక్కువ. రెండో ఏడు నుంచి మొక్క మీద నీడ వేసే పెద్ద కొమ్మలు కొట్టేయండి. పసిదశలో సగం నీడ కావాలి, తర్వాత సాలకి నిండు ఎండ కావాలి.

నిప్పు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొండల మీద రాత్రుళ్లు కనిపించే ఎర్రటి గీతలు ఎవరికీ కొత్త కాదు. ఇప్పపూవు ఏరడానికి చెట్టు కింద శుభ్రం చేస్తూ పెట్టినదో, పోడుకి పెట్టినదో, బీడీ ముక్కో. పెద్ద సాల బెరడు మందం కాబట్టి నేల మీద పాకే మంటను తట్టుకుంటుంది. పిల్ల మొక్క తట్టుకోదు. వేరు బతికి మళ్లీ చిగురు వేసినా, ఏటా కాలితే ఆ వేరు కూడా ఒకనాటికి ఖాళీ అవుతుంది.

సంక్రాంతి అయ్యాక, జనవరి నెలాఖరులోపు, తోట చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి, ఆకులు మట్టి కనిపించేదాకా గీకేయండి. వాలు కింది వైపు ఇంకో రెండు మీటర్లు కలపండి, మంట పైకే పరిగెడుతుంది. మొక్క మొదలు చుట్టూ అడుగున్నర మేర ఎండుటాకు పక్కకి లాగి, జూన్‌లో మళ్లీ కప్పండి. గీకిన ఆకుని కుప్ప వేసి అక్కడే తగలబెట్టడం మాత్రం వద్దు. గోతిలో వేసి మట్టి కప్పితే ఏడాదికి ఎరువు అవుతుంది.

ఒక్క సాలే వేయకండి

సాల చెట్టు ఫిబ్రవరి, మార్చిలలో ఆకు రాల్చినా మొత్తం బోడిగా ఉండదు, ఏప్రిల్‌కి కొత్తాకు తొడుగుతుంది. చుట్టూ ఉన్న టేకు బోడిగా నిలబడే ఎండల్లో నేలకి నీడ పట్టేది ఇదే. ఆ నీడ, కింద పరుచుకున్న ఆకు, లోతు వేర్లు కలిసి వానని వాలు మీద పరుగెత్తనీయకుండా నేలలోకి దింపుతాయి. నాగావళిలోకీ వంశధారలోకీ దిగే గెడ్డలు సంక్రాంతి దాటాక కూడా పారాలంటే వాటి తలాపిన ఇలాంటి నేల ఉండాలి. మార్చి పూతకి తేనెటీగలు వస్తాయి. కొమ్మల్లో ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని గూళ్లు కడతాయి, అవి చిగురు తినే పురుగుల్ని పట్టుకుపోతాయి కాబట్టి కదపకండి.

ఇవన్నీ ఒంటి సాల తోటలో సగమే జరుగుతాయి. ప్రతి నాలుగో చోట వేరే చెట్టు పెట్టండి: నల్లమద్ది, ఏగిస, కరక్కాయ, ఉసిరి, ఇప్ప. ఉసిరి, కరక్కాయ ముందు చేతికొస్తాయి కాబట్టి ఇంట్లో వాళ్లకి ఆ నేల మీద ఓపిక ఉంటుంది. గెడ్డకి దగ్గరగా జీలుగు చెట్లు, కొండచీపురు వేయండి, గట్టు కోసుకుపోదు. టేకు, నీలగిరి మాత్రం ఈ సాళ్లలో కలపకండి, తొందరగా ఎదిగి సాల మీద నీడ వేసేస్తాయి.

నిలదొక్కుకున్నాక

చిగురు ఎండడం ఆగి మొక్క మనిషెత్తు దాటిందంటే ఇక పెద్దగా పని ఉండదు. పక్కపక్క చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగిలినప్పుడు వంకరవి, బక్కవి కొట్టి పలచన చేయండి. కొట్టిన మొదలు మళ్లీ చిగురిస్తుంది, ఆ చిగుళ్లు వాసాలకి, పందిరి గుంజలకి పనికొస్తాయి. సొంత నేలలో చెట్టయినా కొట్టడానికీ తరలించడానికీ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, అటవీ నియమాల కింద అనుమతి అవసరం. నాటిన ఏడాదే పాస్‌బుక్ నకలుతో, ఫొటోలతో ఊరి సచివాలయంలో ఒక అర్జీ ఇచ్చి రసీదు దాచుకుంటే, రేపు అది నాటిన చెట్టే అని చూపడానికి ఆధారం ఉంటుంది.

విస్తరాకులకి ఆకు కోసుకోవచ్చు, పక్క కొమ్మల నుంచి మాత్రమే. తల కొస ముట్టుకోకండి, మనిషెత్తు లోపు మొక్క నుంచి అసలు కోయకండి. గుగ్గిలం కోసం కాండం చుట్టూ బెరడు తీసే పద్ధతి చెట్టుని చంపుతుంది. గాయం నుంచి దానంతటది కారి గడ్డకట్టినదే తీసుకోండి.

ఆ బంకే చెట్టుకి ఆయుధం కూడా. సాలకి అతిపెద్ద శత్రువు కాండం తొలిచే పొడవు మీసాల పెంకుపురుగు. 1990లలో మధ్యప్రదేశ్ సాల అడవుల్లో లక్షల చెట్లు దీనికి బలయ్యాయి. తొలివానలకి పెంకుపురుగులు బయటికొచ్చి బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. బలంగా ఉన్న చెట్టు లోపలికి దూరిన పిల్లపురుగుని బంకలో ముంచేస్తుంది. కరువుకీ, నిప్పుకీ, గొడ్డలి గాటుకీ నీరసించిన చెట్టు ఆ పని చేయలేదు. అందుకే జూన్ నుంచి అక్టోబరు దాకా మొదళ్లు చూస్తూ ఉండండి. ఒకటి రెండు చోట్ల బంక కారితే చెట్టు పోరాడుతోందని అర్థం. మొదలు చుట్టూ రంపపుపొట్టు కుప్పగా పడి, పై కొమ్మలు ఎండుతుంటే అది ఓడిపోయినట్టే. ఆ చెట్టుకి అనుమతి తీసుకుని, వచ్చే వానలోపు కొట్టి, బెరడు వలిచి, దుంగని తోట నుంచి దూరంగా తరలించండి. మంచి చెట్టుని కొట్టినా సరే, పచ్చి దుంగని బెరడుతో తోటలో జూన్ దాకా వదలకండి. కోసిన సాల వాసనకి పెంకుపురుగులు దూరం నుంచి వస్తాయి.